ముప్పైమూడు అడుగుల తాడు

మా గ్రామ సంఘం గదిలో, తీర్మానాల పుస్తకాలు దాచే ఇనుప బీరువా పక్కన, మేకుకు ఒక పచ్చని నైలాన్ తాడు చుట్టగా వేలాడుతూ ఉంటుంది. దాని పొడవు ముప్పైమూడు అడుగులు, అంటే పదకొండు గజాలు. గజానికొక ముడి ఉంటుంది. మొత్తం ముడులెన్ని అని అడిగితే తొలిసారి చూసినవారు ఎవరైనా పదకొండు అనే అంటారు. నేనూ అలాగే అన్నాను, అదీ పదిహేనేళ్లుగా సంఘం లెక్కలు రాస్తున్న మనిషినన్న ధీమాతో. "ఎంచి చూడక్కా" అని తాడు నా చేతికిచ్చి, ఆ ముడులు వేసిన పిల్ల పక్కకు తిరిగి నిలబడింది. ముడులు పన్నెండు ఉన్నాయి. మొదటి గజం మొదలయ్యే చోట కూడా ఒక ముడి ఉండాలన్న సంగతి నాకు తోచలేదు.

ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఆమెను "లెక్కల బిడ్డ" అనేవారు, నేను చెల్లె అనేదాన్ని. నాకంటే పదహారేళ్లు చిన్నదైన ఆమె దగ్గర నాలుగేళ్లపాటు పని నేర్చుకున్నాను కాబట్టి, ఆ నేర్చుకోవడం ఎలా జరిగిందో నాకు గుర్తున్నంత వరకు రాసి పెడుతున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు ఊరు. బత్తాయి తోటలు, పత్తి చేలు, బోర్ల కింద కొద్దిపాటి వరి, పని దొరకని నెలల్లో పట్నానికి వలస, ఇదీ మా బతుకు. నేను పదవ తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినదాన్ని. అయినా మా వాడలో రాయగలిగిన ఆడమనిషిని నేనొక్కదాన్నే కావడం వల్ల పొదుపు సంఘాల లెక్కలు నా చేతికి వచ్చాయి. "ఆమె రాసిందంటే రాసిందే" అని అందరూ అంటుంటే వినడానికి ఇంపుగా ఉండేది. ఆ ఇంపులో ఉన్న దోషం చాలా కాలం తర్వాత గాని నాకు కనబడలేదు.

చెల్లె 2018 కార్తీక మాసంలో వచ్చింది. పాలమూరు వైపు పిల్ల. తండ్రి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశం మీద మట్టి పనికి పోయిన మనిషి. ఏటా పని చేసి వచ్చినా అడ్వాన్సు ఎందుకు తీరడం లేదో, మేస్త్రి చిట్టీలో ఏముందో ఆయనకు ఎన్నడూ తెలియలేదట. ఆ చిట్టీ చదవాలన్న పట్టుదలతోనే లెక్కలు ఇష్టపడి చదివానని ఒకసారి చెప్పింది. నల్లగొండలో ఎమ్మెస్సీ చదువుతూ, మరి నలుగురు స్నేహితులతో కలిసి మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం బస్సుకు మా ఊరొచ్చి, సంఘం ఆడవాళ్లకు లెక్కల తరగతి పెట్టి, రాత్రి మా ఇంట్లోనే పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకు వెళ్లేది.

ఆమె మొదటిరోజు చెప్పిన ఒక మాట నన్ను ఆలోచనలో పడేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం నల్లగొండ జిల్లాలో అక్షరాస్యులు సుమారు 64 శాతం, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో సుమారు 55 శాతం. ఏడేళ్లు నిండి, ఏదైనా ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే జనాభా లెక్కల వారి దృష్టిలో అక్షరాస్యులే. కూడికా తీసివేతా వచ్చునా అని వారు అడగరు. మా అమ్మ రాత్రిబడిలో లాంతరు వెలుగులో సంతకం నేర్చుకున్న మనిషి. ఆ సంతకంతో ఎన్ని కాగితాల మీద చేవ్రాలు చేసిందో, అందులో ఎన్ని అంకెలను చదవగలిగిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

మొదటి మూడు తరగతులకు ఎవరూ రాలేదు. పత్తి ఏరుళ్ల కాలం, పొద్దంతా వంగి వంగి నడుములు పడిపోయి ఉంటాయి. "ఇప్పుడు లెక్కలు నేర్చి మేం ఏ కచీరుకు పోవాలె బిడ్డా?" అన్నారు. మా వాడలో అందరికంటే పెద్దదైన ఒక ముసలవ్వ, మేమంతా పెద్దవ్వ అంటాం, "నేను నిశానీ దాన్ని, నాకు లెక్క రాదు" అని తేల్చి చెప్పింది. చెల్లె ఏమీ అనకుండా ఆమె అరుగు మీద కూర్చుంది. ఆ రోజు కోడలు ఏరిన పత్తి నలభైమూడు కిలోలు, కిలోకు ఎనిమిది రూపాయల కూలి. ఎంత వచ్చిందవ్వా అని అడిగింది. పెద్దవ్వ బొటనవేలు వేళ్ల కణుపుల మీద ఒక్కసారి ఇటూ అటూ తిరిగింది. "నలభై ఎనిమిదులు మూడొందల ఇరవై, మూడెనిమిదులు ఇరవై నాలుగు, మూడొందల నలభై నాలుగు" అంది. చెల్లె సుద్దముక్కతో అరుగు బండ మీద నలభైమూడును నలభై, మూడుగా విడదీసి, రెండింటినీ ఎనిమిదితో గుణించి, కలిపి చూపించి, బీజగణితంలో దీన్ని విభాగ న్యాయం అంటారనీ, తాను దీన్ని ఏడో తరగతిలో బట్టీ పట్టిందనీ చెప్పింది. లెక్క రాదన్న మనిషి నోటివెంట అది అలవోకగా రావడం చూసి నవ్వింది పెద్దవ్వ కాదు, పక్కనే బియ్యం చెరుగుతున్న కోడలు. ఆ కోడలు మరుసటి శుక్రవారం ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని తరగతికి వచ్చింది.

తాను చేసే పద్ధతి తన సొంతం కాదని చెల్లె దాచుకోకుండా చెప్పేది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో 1960ల తొలినాళ్లలో నల్లజాతి వారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి ప్రాణాలకు తెగించి తిరిగిన రాబర్ట్ మోజెస్ అనే లెక్కల పంతులు గురించి ఆమె మాకు కథలా చెప్పింది. ఓటు నమోదుకు వెళ్లిన నల్లవారికి అక్కడ చదువు పరీక్ష పెట్టి, తప్పారని తిప్పి పంపేవారు. అదే మనిషి తర్వాతి కాలంలో, తన కూతురి బడిలో బీజగణితం చెప్పడం లేదని తానే వెళ్లి చెప్పనారంభించి, 1982లో తనకు వచ్చిన మెకార్థర్ ఫెలోషిప్ ఆసరాతో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ అనే పనికి పూనుకున్నాడు. గణితం రాకపోవడాన్ని ఓటు లేకపోవడంతో సమానంగా ఎంచాడాయన. ఇదంతా విని పెద్దవ్వ, "అంటే లెక్క రానోళ్లు లెక్కల లేనట్టేనా?" అని అడిగింది. చెల్లె ఆ మాటను తన నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆ పద్ధతిలో ఐదు మెట్లున్నాయి. ముందు ఒక పని చేయాలి లేదా చూడాలి. దాన్ని బొమ్మగా గీయాలి. తర్వాత మన ఇంటి మాటల్లో చెప్పాలి. ఆ మాటల్లో అవసరమైనదేదో, కానిదేదో ఏరుకుని చెప్పిందే మళ్లీ సరిగా చెప్పాలి. గుర్తులు, సమీకరణాలు ఆ తర్వాత. బడిలో మాకు జరిగింది దీనికి తలకిందులు: ముందు గుర్తులు వచ్చాయి, మిగిలిన నాలుగూ రానే లేదు. మోజెస్ బోస్టన్ నగరపు రైల్లో పిల్లలను తిప్పి స్టేషన్లను సంఖ్యారేఖగా మార్చాడట. చెల్లె మా స్టేజీని సున్న చేసి, నల్లగొండ వైపు స్టేజీలను ఒక దిక్కు అంకెలుగా, చౌటుప్పల్ వైపు స్టేజీలను రెండో దిక్కు అంకెలుగా గోడ మీద గీయించింది. మైనస్ అంటే లేకపోవడం కాదనీ, అటువైపు పోవడమనీ నాకు ముప్పైతొమ్మిదేళ్ల వయసులో తెలిసింది.

ఇక నా సంగతి. నన్ను తరగతి నడిపే మనిషిగా తయారు చేయాలని ఆమె వచ్చిన నెలకే నిర్ణయించుకుంది. తాను ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి, నేర్చుకున్నవాళ్లు వెంటనే ఇంకొకరికి నేర్పాలన్నది ఆమె పట్టు. నేను సంతోషంగా ఒప్పుకుని, మొదటిరోజే బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పేశాను. అందరూ తలలూపారు. చెల్లె మూలన కూర్చుని తన ముందు చింతగింజలు ఒక్కొక్కటే పేర్చింది. అయిపోయాక, "పదిహేడు, అక్కా" అంది. ఎవరో ఆలోచిస్తుండగా నేను జవాబు అందించిన ప్రతిసారికీ ఒక గింజ. "నీ నోట్లకెల్లి జవాబు ఉరుకుతున్నది. ఆగనియ్యి."

ఆ ఆగడం ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు. ప్రశ్న అడిగాక గదిలో నిశ్శబ్దం పెరుగుతుంది, ఎదుటి మనిషి చీర కొంగు వేలికి చుట్టుకుంటుంది, మనకు జవాబు తెలుసు, చెప్పేస్తే ఆమెకూ మనకూ ఊపిరాడుతుంది. అప్పుడు మనసులో ఒకటి నుంచి ఇరవై దాకా ఎంచుకోమని చెల్లె చెప్పింది. తాను మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని సుద్దముక్కను రెండు వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడేది. ఆ వేళ్లు చూసినప్పుడు, ఆమెకూ ఆగడం కష్టమేనని నాకు ధైర్యం కలిగేది. జవాబు తప్పయినా తప్పని చెప్పేది కాదు, "ఎట్లొచ్చింది?" అని అడిగేది. ఒప్పయినా అదే అడిగేది. దాంతో ముఖం చూసి తప్పో ఒప్పో పసిగట్టే విద్య మా వాళ్లకు పనికిరాకుండా పోయింది. నా ముందు గింజలు నెల తిరిగేసరికి పదకొండుకు, సంక్రాంతికి ఐదుకు దిగాయి. మూడు కంటే తక్కువకు చాలా రోజులు దిగలేదు.

ఈ విషయంలో ఆమెతో నేను నేటికీ పూర్తిగా ఏకీభవించను. సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే వారు తమ తప్పు తాము కనుక్కునేదాకా దాన్ని వదలకూడదన్న నియమం వల్ల ఒక సభ్యురాలు అందరి ముందూ చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఆమె ఆ తర్వాత తరగతికి రాలేదు. చెల్లె రెండుసార్లు వాళ్లింటికి వెళ్లింది, మంచినీళ్లు తాగి వచ్చింది గాని ఆమెను తేలేకపోయింది. దారిలో నాతో, "నాదే తప్పక్కా, ఆమె దిక్కు చూడలే, లెక్క దిక్కు చూసిన" అంది. అప్పటి నుంచి సుద్దముక్క ఇద్దరి చేతికి కలిపి ఇవ్వడం మొదలుపెట్టాం.

నా పుస్తకం సంగతి కూడా చెప్పాలి. పొదుపు పుస్తకంలో ఎవరి పద్దు వారే చదివి వినిపించాలని చెల్లె పెట్టిన నియమం నాకు మింగుడు పడలేదు. పదిహేనేళ్లలో ఎవరూ నన్ను అనుమానించలేదు. మూడో నెలలో ఒక సభ్యురాలు తన వరుస మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, "గిండ్ల పద్నాలుగు వందలున్నది, నేను కట్టింది వెయ్యీ నలభయే" అంది. పుస్తకం తప్పు కాదని నేను గట్టిగానే వాదించాను. కాని రెండు నెలలుగా పెట్టెలో డబ్బు తక్కువ వస్తున్న సంగతీ, పరువు పోతుందని ఆ తక్కువను నా చేతి డబ్బుతో పూడ్చి ఎవరికీ చెప్పకుండా ఉన్న సంగతీ నాకు తెలుసు. చెల్లె, "తక్కువ ఎంత అక్కా?" అని మాత్రం అడిగింది. మూడు వందల అరవై. "తొమ్మిదితో పోతదా?" పోతుంది, నలభైసార్లు. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుందనీ, అందుకే లెక్క తేలనప్పుడు తేడాను ముందు తొమ్మిదితో భాగించి చూడాలనీ అందరికీ కలిపి చెప్పింది. 1,040 బదులు 1,400 రాశాను, సున్నా నాలుగూ చోట్లు మార్చుకున్నాయి, అంతే. ఆ రాత్రి భోజనాలయ్యాక, "పుస్తకం నీ ఒక్కదానికే చదవొస్తే తప్పు గూడ నీ ఒక్కదానిదే అయితది. అందరికొస్తే బరువు పంచుకుంటరు" అని అంది. నేను మాట్లాడలేదు. నాకు బరువు కంటే పెత్తనమే ముద్దుగా ఉండేదని ఆమెకు అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

మా వాళ్లకు లెక్కంటే గట్టి ఆసక్తి పుట్టింది మిత్తి దగ్గర. వడ్డీని మేం మిత్తి అంటాం, నెలకు నూటికి ఇంత అని చెప్పుకుంటాం. బ్యాంకు వారు ఏడాదికి 12 శాతం అంటే అది రూపాయి మిత్తి అన్న మాట. ఉమ్మడి రాష్ట్రంలో సంఘాలకు వచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతం. ఈ రెండు భాషల మధ్య వంతెన వేయడానికి పన్నెండుతో గుణించడం, భాగించడం చాలు. ఆ ఒక్కటి వచ్చాక మా వాళ్లు ఏ కాగితాన్నీ వదల్లేదు. ఆ రోజుల్లోనే వారం వారం వసూలు చేసే ఒక అప్పు మా ఊళ్లోకి వచ్చింది. పది వేలు ఇస్తారు, వారానికి రెండు వందల ఇరవై ఐదు చొప్పున యాభై వారాలు కట్టాలి. మొత్తం పదకొండు వేల రెండు వందల యాభై. పన్నెండు వందల యాభై మిత్తి, ఏడాదికి కాస్త తక్కువ కాలానికి పది వేల మీద, "రూపాయి మిత్తే కదమ్మా" అన్నాడు అప్పిచ్చే మనిషి. మేమూ కట్టి చూశాం, రూపాయీ తొమ్మిది పైసలు వచ్చింది. అబద్ధమేమీ లేదనిపించింది.

చెల్లె ఐదు చింతగింజలు పెట్టింది. ఒక్కో గింజ ఒక్కో వారం తీర్చే అసలు. మొదటి వారమంతా మన దగ్గర ఐదు గింజలున్నాయి. ఒకటి కట్టేశాం, రెండో వారం నాలుగు. తర్వాత మూడు, రెండు, ఒకటి. వారానికొక వరుసగా గింజలను కింద కిందకు పేర్చితే మెట్లలా వచ్చింది. గింజలన్నీ కలిపి పదిహేను. అప్పిచ్చిన మనిషి లెక్క ప్రకారమైతే ఐదు వారాలూ ఐదేసి గింజలు మన దగ్గరే ఉన్నట్టు, అంటే ఇరవై ఐదు. తర్వాత అలాంటి మెట్లనే ఇంకొకటి పేర్చి తిరగేసి కలపమంది. ఐదు వరుసలు, వరుసకు ఆరేసి గింజలతో నిండైన చాప తయారైంది. ముప్పైలో సగం పదిహేను. పది వారాలకు చేస్తే వందకు యాభై ఐదు. యాభై వారాలకు గింజలు చాలక బొమ్మ మీదే చేశాం: యాభైని యాభై ఒకటితో గుణించి సగం చేస్తే 1,275, రెండు వేల ఐదు వందలకు సగం కంటే పిసరంత ఎక్కువ. అంటే యాభై వారాల్లో సగటున మన చేతిలో ఉన్న అప్పు పది వేలు కాదు, ఐదు వేల ఒక వంద. దాని మీద పన్నెండు వందల యాభై అంటే నెలకు నూటికి రెండు రూపాయల పైచిలుకు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దవ్వ గింజల మెట్ల పక్కన ఖాళీగా ఉన్న జాగా మీద అరచేయి ఆన్చి, "తీర్చిన పైసలకు గూడ మిత్తి కడుతున్నమా?" అంది. అప్పు తీసుకోవద్దని చెల్లె ఎవరికీ చెప్పలేదు. అవసరం ఉన్నవాళ్లు ఆ తర్వాత కూడా తీసుకున్నారు. కాని సంఘంలోనే రూపాయి మిత్తికి దొరికే డబ్బును ముందు అడగడం అప్పటి నుంచే మొదలైంది.

తాడు ఆ యాసంగికి ముందు వచ్చింది. మా దగ్గర నాట్లు గుత్తకు పడతారు. అప్పట్లో ఎకరానికి నాలుగు వేలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి గుంటకు వంద. గుంట అంటే నూట ఇరవై ఒక్క చదరపు గజాలు, పదకొండు గజాల పొడవు, పదకొండు గజాల వెడల్పు. అంటే ఆ తాడు నాలుగు వైపులా పరిస్తే గుంట. మా జట్టు ఏటా నాటే ఒక మడి అర ఎకరమని పేరు. కోత అయిపోయి ఎండిన ఆ మడిలోకి ఒక ఆదివారం పొద్దున తాడు పట్టుకుని దిగాం. ఒక అంచు నాలుగు తాళ్లు, రెండో అంచు ఆరు తాళ్లు. ఇరవై గుంటలు కావలసిన మడి ఇరవై నాలుగు గుంటలు. ఎన్నేళ్లుగా నాలుగు వందల రూపాయల పని ఊరికే చేశామో ఎవరూ పైకి లెక్కగట్టలేదు.

ఆసామితో మాట్లాడడానికి రమ్మంటే చెల్లె రాలేదు. "నేనెందుకు? తాడు మీది, కాళ్లు మీవి" అంది. ఆమె మీద మాకు కోపం వచ్చిన మాట నిజం. "మా నాయన నాటి నుంచి అది అర ఎకరమే" అన్నాడు ఆసామి. ఒకామె తాడు ఆయన చేతికే ఇచ్చి, కొలిచి చూసుకొమ్మని చెప్పింది. ఆయన కొలవలేదు, తాడు రెండు రోజులు ఉంచుకుని తిరిగి ఇచ్చాడు. నాట్లప్పుడు ఇరవై నాలుగు గుంటలకే పైసలు లెక్కపెట్టాడు. పాత బాకీ మాత్రం ఎవరూ అడగలేదు.

నాకు బాగా కష్టమనిపించింది దశాంశాలు. పాతిక, పరక, వీసం అంటే పెద్దవ్వకు కొట్టిన పిండి. వీసం పదహారో వంతని మాకు చెప్పింది ఆమే. కాని చుక్క పెట్టి రాస్తే అందరికీ అయోమయమే. కృష్ణా నీళ్లు రాకముందు మా ఊళ్లోని రెండు బోర్ల నీళ్లను పరీక్ష చేయించిన పాత చీటీలు నా దగ్గరున్నాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా ప్రాంతంలో ఆ అంకె ఎవరికీ కొత్త కాదు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. ఒక చీటీలో 1.8, రెండో దాంట్లో 1.65. ఏది ఎక్కువ అని చెల్లె అడిగింది. ఎనిమిది కంటే అరవై ఐదు పెద్దది కాబట్టి రెండోదని గదిలో సగం మంది అన్నారు. చీటీలు వచ్చిన నాడు నేను కూడా అలాగే చదివి, మొదటి బోరు నీళ్లే మేలని వాడంతటికీ చెప్పాను. రూపాయీ ఎనభై పైసలు, రూపాయీ అరవై ఐదు పైసలు అని చెల్లె పైసల్లోకి మార్చగానే నాకు చెవులు వేడెక్కాయి. రెండూ హద్దు దాటినవే, రెండూ తాగకూడనివే, ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పింది నాకోసమే. అయినా నా మాట మీద నా వాళ్లు ఎక్కువ చెడ్డ నీళ్లు ఎంచుకుని మోసుకున్నారన్నది మిగిలింది.

రెండో ఏడు నుంచి ఆమె హైస్కూలు పిల్లలను పట్టుకుంది, వారు ఐదో తరగతి పిల్లలకు చెప్పాలి. అమెరికాలో ఆల్జీబ్రా ప్రాజెక్టులో చదువుకుని పెరిగినవారే 1996లో ఇలా పిల్లల చేత పిల్లలకు చెప్పించే పని మొదలుపెట్టారని చెప్పేది. కరోనా వచ్చి బడులు మూసినప్పుడు మా అరుగుల మీద చదువు ఆగకపోవడానికి కారణం ఆ పిల్లలే. ఆమె నల్లగొండలో చిక్కుకుపోయి ఫోన్లోనే ప్రశ్నలు పంపేది. 2021 జూలైలో ఒక రాత్రి ఫోన్ చేసి, "మోజెస్ పోయిండక్కా" అంది. ఎన్నడూ చూడని మనిషి కోసం ఆ పిల్ల అంతగా ఏడవడం నాకు అప్పుడు వింతగా తోచింది.

తర్వాతి ఏడు వానాకాలంలో ఆమెకు రక్తానికి సంబంధించిన జబ్బు బయటపడింది. పట్నంలో పెద్దాసుపత్రి, ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం. ఆ నెలల గురించి నేను ఎక్కువ రాయలేను. రిపోర్టులు మాత్రం నాకు ఫోన్లో పంపేది, తరగతిలో చదివించమని. నేను ఒప్పుకోలేదు. "నీళ్ల చీటీ చదివినోళ్లు నా చీటీ ఎందుకు చదవొద్దు?" అని గద్దించింది.

ఆ డిసెంబరులో ఒక మంగళవారం, రెండు కాగితాలు తరగతిలో పెట్టాను. వారం కిందటి దాంట్లో హిమోగ్లోబిన్ 6.8. వేరే ల్యాబులో చేయించిన కొత్త కాగితంలో 6.45. ఆడవాళ్లకు పన్నెండైనా ఉండాలని అంగన్‌వాడీకి వెళ్లే ప్రతి తల్లికీ తెలుసు. అప్పుడే కొత్తగా చేరిన ఒక పిల్లతల్లి కాగితం చూసి, "ఎనిమిది నుంచి నలభై ఐదుకు పెరిగింది!" అని చప్పట్లు కొట్టింది. ఇద్దరు ముగ్గురు ఆమెతో కలిశారు. నాకు జవాబు తెలుసు. నోరు తెరవలేదు, మనసులో ఒకటి నుంచి ఎంచడం మొదలుపెట్టాను. పద్నాలుగు దాకా వచ్చాననుకుంటాను, పెద్దవ్వ కోడలు లేచి కొత్తామె చేతికి సుద్దముక్క ఇచ్చి, తానూ ఒక కొస పట్టుకుని, "ఎట్లొచ్చింది చెల్లే? పైసల్లో రాద్దాం పట్టు" అంది. ఆరు రూపాయల ఎనభై పైసలు. దాని కింద ఆరు రూపాయల నలభై ఐదు పైసలు. ఇద్దరూ ఆ రెండు వరుసల ముందు నిలబడ్డారు. "తగ్గింది" అని కొత్తామే చెప్పింది.

ఆ రాత్రి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. తగ్గిందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. "నీకు ఎన్ని గింజలక్కా?" అని అడిగింది. సున్న అని చెప్పాను. మాఘం వెళ్లకముందే పోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

తరగతి నడుస్తోంది, శుక్రవారం ఒక్కటే. పోయిన యాసంగి నాట్లకు ముందు హైస్కూలు పిల్ల ఒకతి తాడును కొత్త టేపుతో సరిచూసి, ముప్పైమూడు అడుగుల నాలుగు అంగుళాలు వస్తోందని చెప్పింది. ఏళ్ల తరబడి లాగి లాగి నైలాను సాగింది. నాలుగు అంగుళాలే కదా అని నేనన్నాను. ఆ పిల్ల కట్టి చూపించింది: గుంటకు 1,089 చదరపు అడుగులు ఉండాలి, ఈ తాడుతో కొలిస్తే 1,111 అవుతున్నాయి. ఇరవై నాలుగు గుంటల మడిలో దగ్గర దగ్గర అర గుంట పని మనదే పోతుంది, పాత గుత్త లెక్కన చూసినా యాభై రూపాయలు. సరిచేయాలంటే పన్నెండు ముడులూ విప్పి కొత్తగా వేయాలి. అవి చెల్లె చేతి ముడులు. కొత్త తాడు కొందామని ఒకరు, దీన్ని ఇలాగే ఉంచుదామని ఒకరు అన్నారు. పెద్దవ్వకు చూపు సరిగా ఆనదు, తాడు ఒళ్లోకి తీసుకుని ఒక ముడిని తడిమి, "తప్పు కొలిచే తాడు ఆ పిల్ల పేరు మీద ఎందుకే?" అంది. ముడులు ఏళ్ల మీద బిగిసిపోయి చేతికి లొంగలేదు, దబ్బనం మొన దూర్చి ఒక్కొక్కటే వదులు చేయాల్సి వచ్చింది. విప్పిన చోటల్లా తాడు లోపల ఇంకా కొత్త పచ్చగానే ఉంది. తొమ్మిది నేను విప్పాను, మూడు ఆ పిల్ల విప్పింది. తర్వాత టేపు నేల మీద పరిచి, మళ్లీ మొదటి ముడి సున్న దగ్గర వేశాం.